గజ్జల్లో బిళ్ల కడితే అన్నీ తీసేయాలా?

అరికాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుందని ఖరగ్‌పూర్ మలంచాలో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాల పెద్దలకైనా, మన ఊళ్లలో వారికైనా తెలుసు. ఆ బిళ్లే లింఫు గ్రంథి. కాలి నుంచి వచ్చే లింఫు ద్రవాన్ని అది వడకడుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే మెలనోమా క్యాన్సర్ కూడా ఆ దారినే పాకుతుంది. మన దేశంలో ఇది అరుదే. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాలిలోనో గోటి కిందో నల్లమచ్చగా మొదలవుతుంది; ఆనెకాయేలే అని వదిలేసేవారూ ఉంటారు.

ఒకప్పుడు క్యాన్సర్ గ్రంథికి చేరిందంటే అక్కడి గ్రంథులన్నీ తీసేసేవారు. కణితి నుంచి లింఫు మొట్టమొదట చేరే గ్రంథిని నీలిరంగు మందుతో గుర్తించే పద్ధతిని 1992లో అమెరికన్ సర్జన్ డొనాల్డ్ మోర్టన్ బృందం ప్రకటించింది. ఆ గ్రంథిని మాత్రమే తీసి పరీక్షిస్తారు. అందులో క్యాన్సర్ కణాలు కనిపించినా, మిగతావన్నీ తీసేయడం వల్ల ఆయుష్షు పెరగడం లేదని 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. పైగా అన్నీ తీయించుకున్నవారిలో 24 శాతం మందికి లింఫు నిలిచి కాలో చెయ్యో వాచింది. అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ వచ్చినవారిలో ఇది 6 శాతమే. బోదకాలు లాంటి వాపుతో రోజంతా నిలబడి పనిచేసేవారి అవస్థ చిన్నది కాదు.

బిళ్ల చేతికి తగిలేంత పెరిగితే సంగతి వేరు, కోత తప్పదు. అయితే ముందు రెండు ఇమ్యునోథెరపీ మందులిచ్చి తర్వాత కోస్తే మేలని 2024లో నాడినా పరీక్ష చూపింది. అలా చేసినవారిలో ఏడాది తర్వాత వ్యాధి ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవారు 84 శాతం. ముందు కోసి తర్వాత మందిచ్చినవారిలో 57 శాతం. ఆ మందుల ఖరీదు మాత్రం ఇక్కడ చాలా కుటుంబాలకు అందనంత.