రాలని బొచ్చు లెక్కలు

అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉన్న హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి పరిశోధకులు 173 ఇళ్లలో దుమ్ము సేకరించి, పరీక్షల ఫలితాలను 2011లో ప్రచురించారు. ప్రతి ఇంట్లోనూ ఒక్కటే కుక్క. మొత్తం 60 జాతులు. వాటిలో 11 జాతులకు ‘అలర్జీ రానివ్వవు’ అన్న పేరుంది. ఆ పేరున్న కుక్కల ఇళ్లలోనూ, లేని కుక్కల ఇళ్లలోనూ అలర్జీ కలిగించే ప్రొటీన్ మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు బొచ్చునే పరీక్షిస్తే, పేరున్న జాతుల వెంట్రుకల్లోనే ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉంది.

ఆ ప్రొటీన్ తయారయ్యేది వెంట్రుకలో కాదు, కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో. వెంట్రుక దాన్ని మోసుకుతిరుగుతుందంతే. కాబట్టి ‘బాబుకి తుమ్ములు, అందుకే పూడుల్ తెస్తున్నాం’ అనుకునేవాళ్లు ముందు చేయాల్సిన పని ఒకటుంది. తెచ్చుకోబోయే కుక్క దగ్గరే బాబును గంటసేపు కూర్చోబెట్టాలి. ఒక్కసారి చాలదు, వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లు. అదే జాతికి చెందిన వేరే కుక్కతో చేసిన పరీక్ష దీనికి పనికిరాదు.

ఇది 1989లోనే తేలిన విషయం. హవాయిలో చూపులేని ఒక మహిళకు గైడ్ కుక్క కావాల్సి వచ్చింది. ఆమె భర్తకేమో కుక్కలంటే అలర్జీ. ఆస్ట్రేలియాలోని రాయల్ గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ లాబ్రడార్‌ను, స్టాండర్డ్ పూడుల్‌ను జతకట్టించారు. పుట్టినవి మూడు. మూడింటి బొచ్చు, లాలాజలం హవాయికి పంపితే, ఆ భర్తకు పడింది ఒక్కదానిదే. ఒకే కాన్పులో మూడింట ఒకటన్నమాట. లాబ్రడూడుల్ అనే ఈ సంకర కుక్క మోజు మాత్రం ఆ మిగతా రెంటినీ లెక్కలోంచి తీసేసి ప్రపంచమంతా పాకింది. ఎవరు పడితే వాళ్లు ఆరోగ్య పరీక్షలైనా లేకుండా పిల్లలు తీయించి అమ్మడం చూసి, ఈ పని మొదలుపెట్టినందుకు బాధపడుతున్నానని కాన్రన్ తర్వాత బహిరంగంగానే చెప్పారు.

అసలు పూడుల్ బొచ్చుకు ఆ ఉంగరాలు ఎక్కడినుంచి వస్తాయి? 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కల్ని పరిశీలించింది. బొచ్చులో కనిపించే వైవిధ్యమంతా దాదాపుగా మూడు జన్యువుల చలవేనని తేల్చింది. ఒకటి పొడవుకు, ఒకటి మీసాలూ గుబురు కనుబొమలకూ, మూడోది ఉంగరాలకు. పూడుల్‌కు, బిషాన్ ఫ్రిజేకు మూడూ ఉన్నాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. బొచ్చు రాలడం తగ్గడానికి ఉంగరాల జన్యువుతో పెద్దగా సంబంధం లేదు, ఎక్కువ సంబంధం మీసాల జన్యువుతోనే. ఇంగ్లండ్‌కు చెందిన కర్లీ కోటెడ్ రిట్రీవర్‌ను చూడండి: ఒళ్లంతా బిగుతైన ఉంగరాలు, మొహం మాత్రం నున్నగా ఉంటుంది. అది బొచ్చు రాలుస్తుంది. పూడుల్ ఊరికే రాల్చదు, అందుకే దానికి కత్తెర తప్పదు.

లాబ్రడూడుల్ పిల్లల విషయంలో ఇంకో చిన్న లెక్క. ఉంగరాల జన్యువు ఒక్క కాపీ ఉంటే బొచ్చు అలలు అలలుగా ఉంటుంది, రెండుంటే బిగుతైన ఉంగరాలు. నున్నటి బొచ్చున్న లాబ్రడార్‌కూ పూడుల్‌కూ పుట్టినవాటికి తలా ఒక కాపీ వస్తుంది. అలాంటి రెంటిని మళ్లీ జతకడితే, సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి ఉంగరాలు, రెండింటికి అలలు, ఒకటి నున్నన. అదే, అలాంటి ఒకదాన్ని మళ్లీ పూడుల్‌తో కడితే సగం ఉంగరాలు, సగం అలలు. మన దేశపు 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అసలు బొచ్చు బయటపడేదేమో ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య. కొనేటప్పుడు చేతిలో ఉన్న దూదిలాంటి బొచ్చు ఏ హామీ ఇవ్వదు.

ఆ ఆరు నుంచి పన్నెండు నెలల కాలమే యజమానికి గడ్డుకాలం. పిల్లబొచ్చు ఊడి నేలమీద పడదు, కొత్త ఉంగరాల్లో ఇరుక్కుని ఉండలు కడుతుంది. పైపైన బ్రష్ లాగితే కుక్క ముద్దుగానే కనిపిస్తుంది, చర్మం దగ్గర మాత్రం బొచ్చు అట్టలా పేరుకుపోతుంటుంది. అందుకని పాయలు తీసి దువ్వాలి. కాళ్ల దగ్గర మొదలుపెట్టి, ఒక చేత్తో బొచ్చును పైకెత్తి, చర్మం కనిపించేలా వరసలు తీస్తూ ముందు స్లికర్ బ్రష్‌తో, ఆ తర్వాత లోహపు దువ్వెనతో. దువ్వెన మొదలు నుంచి కొస దాకా ఆగకుండా వస్తేనే పని అయినట్టు. చెవుల వెనక, చంకలు, తొడల సందులు, పట్టీ కింద, వేళ్ల మధ్య: ఈ ఐదు చోట్లా రోజూ చూడాలి. చిక్కు విప్పకుండా స్నానం చేయిస్తే తడికి అది ఇంకా బిగుస్తుంది. అట్ట కట్టేశాక దువ్వెనతో పీకడం హింసే. పూర్తిగా గొరిగించేయడమే మేలు, చూడ్డానికి ఎలా ఉన్నా సరే.

స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు. కుక్క చర్మం పైపొర మనిషి చర్మంకన్నా పలచన, పీహెచ్ కూడా వేరు. అందుకే మన షాంపూ పనికిరాదు. కొబ్బరినూనె పట్టిస్తే నిగనిగలాడుతుందనుకుంటారు గానీ, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వానాకాలంలో అసలు పని తుడవడం దగ్గరుంది. కోస్తాలో గాలి తడికి ఉంగరాలు లోపల గంటల తరబడి ఆరవు. వేడి తగ్గించిన బ్లోయర్‌తో కుదుళ్ల దాకా ఆరబెట్టకపోతే చర్మం చెమ్మగిల్లి పుళ్లు పడతాయి. పిడుదులకూ దట్టమైన ఉంగరాలే మంచి దాపు. మెడమీద వేసే పిడుదుల మందు చాలావరకు స్నానానికి రెండు రోజుల ఎడం కోరుతుంది. శనివారం స్నానం, ఆదివారం మందు అంటే ఆ డబ్బు నీళ్లపాలే.

ఎండాకాలం రాగానే గుండు చేయించడం మరో తప్పు. కుక్క ఒంటికి చల్లదనం ముఖ్యంగా వగర్పుతోనే వస్తుంది. గుండు చేయిస్తే చర్మం ఎండకు కమిలిపోతుంది. ఓ సెంటీమీటరు బొచ్చు ఉంచాలి, మధ్యాహ్నం బయట తిప్పడం మానాలి.

ఇక ఖర్చు. ఆరు వారాలకోసారి కత్తిరింపు అంటే ఏడాదికి ఎనిమిది తొమ్మిది సార్లు. పద్నాలుగేళ్లు బతికిందనుకుంటే సుమారు 120 సార్లు. గ్రూమర్ ఒకసారికి రూ.1,500 తీసుకుంటాడనుకున్నా మొత్తం రూ.1.8 లక్షలు. రోజుకు పావుగంట దువ్వడమంటే ఏడాదికి 91 గంటలు. ఇది టాయ్ పూడుల్ మాట. అమెరికన్ కెన్నెల్ క్లబ్ కొలతల్లో దాని ఎత్తు 25 సెంటీమీటర్లు మించదు, బరువు రెండు మూడు కిలోలు. స్టాండర్డ్ మగది 27 కిలోలకు పైనే. బరువు తొమ్మిది రెట్లయితే దువ్వాల్సిన ఒళ్లు నాలుగు రెట్లకు పైన.

బేరమాడే ముందు తల్లీతండ్రుల కంటి పరీక్ష రిపోర్టు అడగాలి. పూడుళ్లలో రెటీనా క్రమంగా క్షీణించి చూపు పోయే వంశపారంపర్య జబ్బుంది. చెడు జన్యువు ఒక్కటే మోస్తున్న కుక్క చూపు బాగానే ఉంటుంది. అలాంటి రెంటిని జతకడితే మాత్రం ఒక్కో పిల్లకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దీనికి డీఎన్ఏ పరీక్ష ఉంది. తల్లీతండ్రుల్లో ఒకదాని డీఎన్ఏ రిపోర్టు శుభ్రంగా ఉన్నా ఈ రకం అంధత్వం పిల్లలకు రాదు.