చలికి మొరాయించే బండి: కోరాపుట్ తెల్లవారుజాము లెక్క

డిసెంబరు వచ్చిందంటే మా సెమిలిగుడ వీధుల్లో కోడి కూత కన్నా ముందు కిక్కు చప్పుడు వినిపిస్తుంది. పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు, పేపర్లు వేసే కుర్రాళ్లు, దమన్‌జోడిలో మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు, సరుకు కోసం ఘాట్ దిగి సాలూరు పోయే కొట్లవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు బండితో కుస్తీ పడుతుంటారు. పది కిక్కులు, పదిహేను కిక్కులు, ఆ తర్వాత బండిని వాలులోకి తోసుకుపోవడం. కూతవేటు దూరంలో సునాబెడ హెచ్‌ఏఎల్ కర్మాగారంలో మిగ్ యుద్ధ విమానాల ఇంజిన్లు తయారైన ప్రాంతం ఇది. మన వంద సీసీ బండి మాత్రం పొద్దున్నే కదలదు!

పోయిన సంక్రాంతికి మాలో ఒకరికి ఇదే అనుభవం. తెల్లారకముందే సాలూరు బయలుదేరాలి. బండి స్టార్ట్ కాలేదు. మెకానిక్ దగ్గరికి తోసుకెళితే, చలికి ఇంజిన్ పవర్ పోయిందని, పిస్టన్ రింగులు మార్చాలని, ఆరు వేలు అవుతుందని చెప్పాడు. డబ్బులు చేతిలో లేక రెండు రోజులు ఆగడమే మంచిదైంది. తెలిసిన ఇంకొకాయన వచ్చి బ్యాటరీ ఓల్టేజి చూశాడు. మూడేళ్ల నాటి బ్యాటరీ అది. మార్చాక ఒక్క నొక్కుకే బండి అందుకుంది. రింగులకు ఏ జబ్బూ లేదు.

ఈ వ్యాసం రాయాలనిపించింది అందుకే. "చలికి ఇంజిన్ పవర్ తగ్గుతుంది" అని అందరం అనేస్తాం. కానీ అది నిజం కాదు. ఇంజిన్‌కు చల్లగాలి అంటే ఇష్టమే. చిక్కంతా స్టార్ట్ చేసే ముందు, ఆ తర్వాతి నాలుగైదు నిమిషాల్లో. ఆ కాసేపట్లో మనం చేసే పనుల వల్లే బండి పాడవుతుంది.

ముందు గాలి సంగతి చూద్దాం. ఇంజిన్ ఒక్కో సారి పీల్చే గాలి ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ పెట్రోలు కాలుతుంది, అంత బలం వస్తుంది. సెమిలిగుడ, కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఆ ఎత్తులో గాలి పీడనం విశాఖ తీరంతో పోలిస్తే సుమారు 10 శాతం తక్కువ. అంటే గాలి ఆ మేరకు పలచన. కానీ 35 డిగ్రీల గాలి కన్నా 5 డిగ్రీల గాలి ఇంచుమించు అంతే, 10 శాతం పైచిలుకు, చిక్కగా ఉంటుంది. ఒకదానికి ఒకటి చెల్లు. పొట్టంగి, సెమిలిగుడల్లో గడ్డకట్టించే తెల్లవారుజామున మన బండి పీల్చే గాలి, మే నెల మధ్యాహ్నం విశాఖ బీచ్ రోడ్డు మీద బండి పీల్చే గాలితో సమానమన్నమాట. పవర్ ఎక్కడికీ పోలేదు. ఊటీలో స్థిరపడిన మనవాళ్లకు మాత్రం ఈ లెక్క కుదరదు. అది 2,200 మీటర్ల పైన ఉంది, గాలి పీడనం దాదాపు నాలుగో వంతు తక్కువ. చలి ఆ లోటులో సగం కూడా పూడ్చలేదు. అక్కడ బండి లాగకపోతే తప్పు చలిది కాదు, ఎత్తుది.

మరి స్టార్ట్ ఎందుకు కాదు? పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు కాలదు. ఆవిరై గాలిలో కలిస్తేనే కాలుతుంది. ఇంజిన్ మంచులా చల్లగా ఉంటే లోపలికి వెళ్లిన పెట్రోలులో కొంత భాగమే ఆవిరవుతుంది. మిగతాది గోడలకు, ప్లగ్గుకు తడిగా అంటుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వేడి కావాలి కాబట్టి చలిలో అది ఇంకాస్త మొండికేస్తుంది.

కార్బొరేటర్ బళ్లకు చోక్ పెట్టింది దీనికోసమే. చోక్ లాగితే గాలి దారి ఇరుకై, లోపలికి పోయే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. అందులో ఆవిరయ్యే కొంచెమైనా మంట అందుకోవడానికి సరిపోతుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. చోక్ లాగి, దాంతోపాటు ఎక్సలేటర్ కూడా తిప్పి కిక్కు కొడతారు. ఎక్సలేటర్ తెరిస్తే చోక్ వల్ల వచ్చే పీల్పు తగ్గిపోతుంది. చోక్ వేసినప్పుడు ఎక్సలేటర్ మీద చెయ్యి వేయకూడదు. ఏడెనిమిది కిక్కులకీ అందుకోక పెట్రోలు వాసన గుప్పుమంటే ప్లగ్గు తడిసిందని అర్థం. అప్పుడు చోక్ తీసేసి, ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి నాలుగైదు కిక్కులు కొడితే లోపలి తడి బయటికి పోతుంది. అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి తుడవాల్సిందే.

స్టార్ట్ అయ్యాక చోక్ తీయడం మరిచిపోవడం రెండో పొరపాటు. ఇది మొదటిదాని కన్నా ఖరీదైనది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి జారి, ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. రింగులు నిజంగా అరిగేది అప్పుడే. పైలేజీ పడిపోయిందని, నల్లపొగ వస్తోందని వచ్చే బళ్లలో చోక్ సగం లాగి ఉన్నవి తక్కువేం కాదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో చాలావాటికి చోక్ ఉండదు. పెట్రోలును కొలిచి చిమ్మే పని ఇంజెక్టర్‌ది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో సెన్సర్ చెబితే దానికి తగ్గట్టు కంప్యూటరే పెట్రోలు పెంచుతుంది. మనం చేయాల్సింది ఒక్కటే. తాళం తిప్పగానే సెల్ఫ్ నొక్కకుండా రెండు మూడు సెకన్లు ఆగాలి. ట్యాంకు దగ్గర సన్నగా గుయ్‌మని పంపు చప్పుడు వచ్చి ఆగిన తర్వాత నొక్కాలి. ఆ పంపు, కంప్యూటర్, సెల్ఫ్ మోటారు అన్నీ బ్యాటరీ మీదే బతుకుతాయి. పాత బండికి బ్యాటరీ చచ్చినా కిక్కు ఉంది. కొత్త బళ్లలో కొన్నింటికి కిక్కే తీసేశారు. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే తోసినా స్టార్ట్ కావడం కష్టం.

చలి అసలు దెబ్బ కొట్టేది బ్యాటరీనే. లోపల రసాయన చర్య మందగించి, సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ ఇవ్వగలిగే శక్తి దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. అదే సమయానికి చిక్కబడ్డ ఆయిల్‌లో ఇంజిన్‌ను తిప్పడానికి మామూలు కన్నా ఎక్కువ శక్తి కావాలి. రాబడి తగ్గింది, ఖర్చు పెరిగింది. కొత్త బ్యాటరీ దీన్ని తట్టుకుంటుంది. వేసవిలో ఎలాగో నెట్టుకొచ్చిన ముసలి బ్యాటరీ జనవరిలో బయటపడుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండికి మల్టీమీటర్ పెడితే 12.6 ఓల్టుల పైన చూపాలి. 12.4 కన్నా తక్కువైతే చార్జింగ్ పెట్టించండి. సెల్ఫ్ ఒక్కోసారి అయిదు సెకన్లకు మించి నొక్కొద్దు. మధ్యలో పదిహేను సెకన్లు ఊపిరి తీసుకోనివ్వండి.

ఆయిల్ గురించి రెండు మాటలు. డబ్బా మీద 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే చలికాలానికి గుర్తు. దానికి ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. అలాగని సొంత ప్రయోగాలు వద్దు. బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయించండి. కొన్ని కంపెనీలు చల్లని ప్రాంతాలకు వేరే అంకె కూడా రాస్తాయి, ఆ పట్టిక ఓసారి చూడండి. కారు ఆయిల్ మాత్రం పోయించకండి. బైకులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, అవి జారిపోతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉంటే గేర్ల బండికి పనికొస్తుందని గుర్తు.

పొద్దున్నే మొదటి గేరు వేయగానే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోవడం కూడా ఆ ఆయిల్ పనే. రాత్రి చలికి ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. స్టార్ట్ చేయకముందే గేరు వేసి, క్లచ్ పట్టి, బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోస్తే విడిపోతాయి. గేర్ బాక్సు పాడైందని భయపడక్కర్లేదు.

ఇక స్టార్ట్ అయిన వెంటనే గట్టిగా రేజ్ చేయడం. వీధి వీధంతా ఈ అలవాటు ఉంది. చిక్కని ఆయిల్ పైదాకా చేరకముందే ఇంజిన్‌ను పరిగెత్తించడమంటే ఎండు గొంతుతో పరుగు పందెం పెట్టడమే. అలాగని పావుగంట నిలబెట్టి వేడి చేయడమూ దండగే. పెట్రోలు పోతుంది, ఇంజిన్ మాత్రం మెల్లగానే వేడెక్కుతుంది. అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగి, బయలుదేరి, మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్సలేటర్ సగం దాటకుండా నడిపితే చాలు.

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌కు పని ఉంటుంది, తొందరగా వేడెక్కుతుంది. అదే కోరాపుట్ నుంచి జయపురం వైపు తెల్లవారుజామున దిగితే దానికి పనే ఉండదు, కిలోమీటర్ల తరబడి చల్లగానే ఉంటుంది. పెట్రోలు మిగులుతుందని దిగుడులో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఉన్నవాళ్లు మానుకోవాలి. బండిని పట్టి ఉంచే ఇంజిన్ బలం పోయి, మంచుతో తడిసిన వంపుల్లో భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. టైర్లు కూడా చూసుకోండి. మధ్యాహ్నం 25 డిగ్రీల ఎండలో కొట్టించిన గాలి తెల్లవారి 5 డిగ్రీలకు దాదాపు మూడు పీఎస్‌ఐ తగ్గుతుంది. బండి లాగడం లేదనే ఫిర్యాదులో దీనికీ వాటా ఉంది.

సైలెన్సర్ నుంచి తెల్లపొగ చూసి హడలిపోయేవాళ్లున్నారు. ఒక లీటరు పెట్రోలు కాలితే రమారమి ఒక లీటరు నీరు పుడుతుందంటే నమ్మరు గాని, లెక్క అంతే. అది ఆవిరిగా బయటికొచ్చి చలిగాలికి తెల్లగా కనిపిస్తుంది, కాసేపటికి పోతుంది. నీలిరంగు పొగ వస్తేనే ఆయిల్ కాలుతున్నట్టు. అయితే రోజూ ఇంటి నుంచి కొట్టుకు కిలోమీటరు, తిరిగి కిలోమీటరు మాత్రమే తిప్పే బండిలో ఈ నీరంతా బయటికి పోదు. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలాంటి నురగ కనిపిస్తుంది. సైలెన్సర్ లోపల్నుంచి తుప్పు పడుతుంది. వారానికోసారి ఇరవై ముప్పై నిమిషాలు ఆపకుండా నడిపితే ఆ తేమ ఆరిపోతుంది. అలాంటి బళ్లకు ఆయిల్ కూడా కాస్త ముందుగానే మార్పించాలి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మంచుకు తడుస్తుందనో దొంగల భయంతోనో మన ఇళ్లలో చాలామంది రాత్రి బండిని వసారాలోకో, ముందుగదిలోకో ఎక్కిస్తారు. తడవకుండా ఉండటం మంచిదే. కానీ పొద్దున్నే చలిగాలి రాకూడదని తలుపులు మూసి ఉంచి, లోపలే స్టార్ట్ చేసి వేడెక్కిస్తుంటారు. పక్కగదిలో పిల్లలు నిద్రపోతుంటారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత అనిపించేలోపే మనిషి లేవలేని స్థితికి చేరవచ్చు. చల్లటి ఇంజిన్ సరిగా మండదు కనుక ఆ మొదటి నిమిషాల్లోనే ఈ విషవాయువు ఎక్కువగా వస్తుంది. చోక్ వేసి ఉంటే మరీ ఎక్కువ. బండిని గుమ్మం దాటించి, వీధిలోకి తెచ్చాకే తాళం తిప్పండి. రాత్రి ఇంజిన్ మీద గోనెసంచి కప్పే అలవాటుంటే, స్టార్ట్ చేసే ముందు అది తీశారో లేదో కూడా ఓసారి చూసుకోండి.