ఆరు నెలలు ఆగితే ఆలస్యమే

"పసిది కదా, ఆరు నెలలు నిండాక ట్రైనర్‌ని పెడదాం." కుక్కపిల్లను తెచ్చుకున్న ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. ప్రేమతోనే అంటారు గానీ, ఆ కుక్క బతుకులో అన్నిటికన్నా విలువైన పాఠాలకు గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో శాస్త్రజ్ఞులు కొన్ని కుక్కపిల్లలను ఎత్తైన కంచె కట్టిన పొలంలో మనుషుల పొడ తగలకుండా పెంచి, వేర్వేరు వయసుల్లో మనుషుల మధ్యకు తెచ్చి చూశారు. 1961లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 5 నుంచి 9 వారాల వయసులో మనుషులకు అలవాటైనవి తేలిగ్గా మాలిమి అయ్యాయి. 14 వారాల దాకా మనిషిని ఎరగనివి మాత్రం ఆ తర్వాత బెదురుతూనే ఉండిపోయాయి. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అది మంచిదే. పంటి నొక్కుకు హద్దు ఎక్కడో అది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గరే నేర్చుకోవాలి. అయితే మన గడప తొక్కేసరికి కొత్తవాటికి తేలిగ్గా అలవాటుపడే వయసులో మిగిలేది 4 నుంచి 6 వారాలే.

ఈ కాస్త వ్యవధిలో "కూర్చో", "చెయ్యివ్వు" లాంటివి నేర్పకపోయినా కొంప మునగదు. కుక్కర్ విజిల్, మిక్సీ, లిఫ్టు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్రతో నడిచే తాతగారు, అరుస్తూ పరుగెత్తే పిల్లలు... వీటివల్ల తనకు ప్రమాదం లేదని దానికి తెలియాలి. ఒక్కోదాన్ని దూరం నుంచి చూపిస్తూ ఉడికించిన చికెన్ ముక్కో పనీర్ ముక్కో పెట్టాలి. వెనక్కి తగ్గితే లాక్కెళ్లకుండా దూరం పెంచాలి. దీపావళి టపాసుల చప్పుడును కూడా అది అన్నం తినే వేళ ఫోన్‌లో సన్నగా వినిపించి అలవాటు చేయవచ్చు. టీకాలన్నీ పడకుండా బయటికి ఎలా తీసుకెళ్తామన్నది న్యాయమైన ప్రశ్న. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టీకాల వరుస 16 వారాల దాకా సాగుతుంది. అందుకే వీధిలో నేల మీద వదలకండి, చంకనెత్తుకుని తిప్పండి. టీకాలు పడిన ఆరోగ్యమైన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లండి. మొదటి టీకా పడి కనీసం 7 రోజులైతే శుభ్రమైన చోట జరిగే తరగతులకు పంపవచ్చని అమెరికా పశుప్రవర్తన వైద్యుల సంఘం 2008లోనే చెప్పింది. మూడేళ్లలోపు కుక్కల చావుకు అంటురోగాల కన్నా ప్రవర్తన సమస్యలే పెద్ద కారణమని కూడా ఆ సంఘం హెచ్చరించింది. అలాంటి కుక్కలను యజమానులే వదిలించుకుంటారు మరి.

ఇక దెబ్బ పడకపోతే మాట వినదనే వాదన. ఇంట్లో మూత్రం పోస్తే ముక్కును అక్కడే రుద్దే పద్ధతి ఇంకా పోలేదు. కుక్క తను చేసిన పనిని, ఆ వెంటనే ఒకటి రెండు క్షణాల్లో జరిగినదాన్ని మాత్రమే ముడిపెట్టుకోగలదు. పావుగంట తర్వాత కొడితే దానికి అర్థమయ్యేది మీ చెయ్యి ప్రమాదకరమని మాత్రమే. "తప్పు చేశానని దానికే తెలుసు, ముఖం చూడండి" అంటారు. కుక్కల ప్రవర్తనపై పరిశోధించే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కల మీద ఈ సంగతే పరీక్షించారు. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిట్టినప్పుడే అవి ఎక్కువగా ఆ ముఖం పెట్టాయి. మనం పశ్చాత్తాపం అనుకునేది బెదురు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక వెంటనే చోటు చూపించి, అక్కడ పోసిన క్షణంలోనే మెచ్చుకుని చిన్న ముక్క పెడితే చాలు, అది త్వరగా నేర్చుకుంటుంది. దీన్ని లంచమనడం సరికాదు. పని చేయకముందు చూపిస్తే లంచం, చేశాక ఇస్తే కూలి. అలవాటు కుదిరాక ముక్కలు తగ్గించుకోవచ్చు.

అందరితో కలిస్తే కాపలా కాయదన్న భయమూ ఉంది. మనుషులకు అలవాటుపడిన కుక్క కూడా అర్ధరాత్రి గేటు చప్పుడైతే మొరుగుతుంది. భయంతో పెరిగిన కుక్క మాత్రం పాలవాడినీ, చుట్టాల పిల్లలనూ కరుస్తుంది. కాబట్టి కుక్కపిల్లను తేవాలనుకుంటున్నవాళ్లకు నా మనవి ఒకటే: వచ్చిన తొలి నెలంతా దాని వెంట ఉండే తీరిక ఇంట్లో ఒక్కరికైనా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ తీరిక దొరికేదాకా తేవడం వాయిదా వేయండి.