ఇంజెక్షన్‌తో బరువు తగ్గుతుంది, మరి కండ?

చిలకలపూడి: మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి పేరు చెబితే రోల్డ్ గోల్డ్ నగలే గుర్తొస్తాయి. ఆ పని తెలిసినవాళ్లకు ఓ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాటా మీద పెడితే నగ ఎన్ని గ్రాములో తెలుస్తుంది గానీ, అందులో రాగి ఎంత, పైన బంగారం ఎంత అన్నది కాటా చెప్పదు. బరువు తగ్గించే ఇంజెక్షన్ల దగ్గరా ఇదే చిక్కు.

సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనేవి పెప్టైడ్ మందులు. తిన్నాక పేగుల్లో పుట్టే హార్మోన్‌లా పనిచేస్తాయి. ఆకలి తగ్గుతుంది, కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, షుగర్ దిగుతుంది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. వారానికి ఒక్క ఇంజెక్షన్. పాతకాలపు ఇన్సులిన్‌లా వీటిలోని మందును పంది నుంచి తీయరు. సెమాగ్లూటైడ్‌ను ఈస్ట్ సాయంతో, టిర్జెపటైడ్‌ను రసాయన పద్ధతిలో తయారు చేస్తారు.

అయితే ఇవి కండ పెంచే మందులు కావు. తిండి తగ్గితే ఒళ్లు కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది. టిర్జెపటైడ్ పెద్ద పరీక్షలో తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కానిదే. సెమాగ్లూటైడ్ పరీక్షలో అది 40 శాతం దాకా ఉంది. అందులో నీరు కూడా కలిసి ఉంటుంది, అంతా కండే అనుకోకూడదు. అయినా లెక్క చూడండి: 90 కిలోల మనిషి 18 కిలోలు తగ్గితే, నాలుగో వంతు చొప్పున నాలుగున్నర కిలోలు. పాతికేళ్ల కుర్రాడు తట్టుకుంటాడు. అరవై దాటిన అమ్మీకో అబ్బాకో మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడమే కష్టమవుతుంది. పైగా సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు పరీక్షలో తేలింది. కొవ్వు దానంతటదే వస్తుంది, కండ అలా రాదు.

కండ నిలవాలంటే మామూలు దారే: బరువులెత్తే వ్యాయామం, ప్రోటీన్. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం కూడా పనికొస్తాయి. బరువు తగ్గేటప్పుడు కిలోకు 1.2 గ్రాముల ప్రోటీన్ అయినా తినమని నిపుణులు చెబుతారు. 70 కిలోలకు 84 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. ఆకలి లేని మనిషి నాలుగు ముద్దల బిర్యానీతో సరిపెడితే అందులో ఎక్కువ అన్నమే కదా, కాబట్టి ముందు చేపో, చికెనో, పప్పో తినాలి. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క డాక్టరే చెప్పాలి.

ఇక జిమ్ కుర్రాళ్ల చెవిన పడే బీపీసీ-157, రెటాట్రుటైడ్ సంగతి వేరు. మొదటిదానిపై జరిగిన పరీక్షలు చాలావరకు జంతువుల మీదే, క్రీడల్లో దానిపై నిషేధం ఉంది. రెండోది కొత్త మందు, పరీక్షల దశలో ఉంది. ఆన్‌లైన్‌లో పొడి సీసాల్లో అమ్మేదానిలో ఏముందో చెప్పే పూచీ ఎవరికీ లేదు. సూదితో ఒంట్లోకి ఎక్కించుకునేది అదే.

రంజాన్ ముందు ఇంకో జాగ్రత్త. ఈ ఇంజెక్షన్ కొత్తగా మొదలుపెట్టడం, డోసు పెంచడం నెల దగ్గర పడ్డాక వద్దు, కొన్ని వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. వాంతులు, విరేచనాలు మొదలైతే రోజాలో ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఇన్సులిన్‌ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు షుగర్ పడిపోవచ్చు. సహరిలో టీ, బ్రెడ్డు బదులు రెండు గుడ్లు, పెరుగు ఉంటే కండకు మేలు.