పేరు పెట్టకముందే పోయిన బిడ్డ ఏ లోకంలో ఉంటుంది?

పురిట్లోనే బిడ్డ పోతే మన ఇళ్లల్లో ఎవరూ గట్టిగా ఏడవరు. ఏడిస్తే బాలింత ఆరోగ్యం పాడవుతుందంటారు. "నీకింకా బోలెడు వయసుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఒళ్లో బిడ్డ ఉంటుంది" అని సర్దిచెబుతారు. హిందువుల ఇళ్లల్లో సాధారణంగా అంత చిన్న బిడ్డను దహనం చేయరు, పూడ్చిపెడతారు. పెద్దవాళ్లకు చేసినట్టు కర్మకాండలూ ఉండవు. క్రైస్తవుల ఇళ్లల్లో ఈ దుఃఖానికి ఇంకో ప్రశ్న తోడవుతుంది. 'బిడ్డకు బాప్తిస్మం అయిందా?' అని. కాలేదంటే ఆ పసిగుడ్డు ఆత్మ ఎక్కడికి వెళ్లినట్టు?

ఇదేదో మతపండితులు తీరిగ్గా కూర్చుని చేసుకునే చర్చ అనుకోకండి. పదిహేను వందల ఏళ్లుగా ఎందరో తల్లుల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. వాళ్లలో మా అత్తయ్య కూడా ఒకరు.

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ కుటుంబంలో. మెట్టింది కతోలికుల ఇల్లు. మా పుట్టింట్లో బాప్తిస్మం అనేదాన్ని అత్తింట్లో జ్ఞానస్నానం అంటారు. మా వాళ్లకు పాస్టరు గారైతే వీళ్లకు ఫాదర్ గారు. నవంబరు 2న సమాధుల పండుగ రోజు అత్తయ్య సమాధులన్నీ కడిగించి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ల ఆత్మల కోసం పూజ పెట్టిస్తారు. మా నాన్నగారేమో, "పోయినవాళ్లు దేవుడి చేతుల్లోకి వెళ్లిపోయారు, ఇక మన ప్రార్థనలతో వాళ్లకు పనేముంది?" అనేవారు. ఇద్దరిదీ ఒకే ప్రభువు. చావు తర్వాతి లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు వేరు!

చనిపోయాక ఏమవుతుందంటే...

కతోలికుల నమ్మకం ప్రకారం మనిషి కన్నుమూయగానే ఆత్మకు తీర్పు జరుగుతుంది. పరిశుద్ధంగా ఉన్న ఆత్మ మోక్షానికి, ఘోర పాపంలో పశ్చాత్తాపం లేకుండా పోయిన ఆత్మ నరకానికి వెళ్తాయి. దేవుడి స్నేహంలోనే పోయినా ఇంకా శుద్ధి కావలసిన ఆత్మలు ఉత్తరించు స్థలంలో ఉంటాయి. మనం చేసే ప్రార్థనలు వీళ్ల కోసమే. ప్రొటెస్టంట్లు ఈ ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోరు. సెవెంత్ డే అడ్వెంటిస్టులైతే చనిపోయినవాళ్లు పునరుత్థానం దాకా ఏమీ తెలియని నిద్రలో ఉంటారంటారు. అంత్యదినాన చనిపోయినవాళ్లందరూ శరీరంతో తిరిగి లేస్తారన్న మాట మాత్రం అందరూ ఒప్పుకునేదే.

మరి పసిబిడ్డ? తనంతట తాను ఏ పాపమూ చేయలేదు కాబట్టి నరకయాతనకు పంపడం అన్యాయం. కానీ ఆదాము నుంచి అందరికీ వచ్చే జన్మపాపం జ్ఞానస్నానంతోనే పోతుందన్నారు కదా, అది కాకుండా మోక్షానికి ఎలా పంపడం? చిక్కంతా ఇక్కడే వచ్చింది.

అంచు మీద నిలబెట్టారు

5వ శతాబ్దంలో అగస్టీన్ అనే మహాపండితుడు ఈ ప్రశ్నకు కఠినమైన జవాబు చెప్పాడు. జ్ఞానస్నానం లేని బిడ్డలు మోక్షానికి దూరమేననీ, కాకపోతే వాళ్లకు పడే శిక్ష అన్నింటిలోకీ తేలికైనదనీ అన్నాడు. తేలికైనదే కావచ్చు, ఏ తల్లికి ఆ మాట ఓదార్పవుతుంది చెప్పండి?

తర్వాతి పండితులకు కూడా ఈ జవాబు మింగుడుపడలేదు. అందుకని మధ్యయుగాల్లో 'లింబో' అనే చోటును ఊహించారు. లాటిన్‌లో 'లింబస్' అంటే అంచు. మన చీర అంచు లాంటిదే! నరకానికి అంచున ఉండే చోటన్నమాట. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అక్కడి బిడ్డలకు బాధంటూ ఏదీ ఉండదనీ, తాము దేన్ని పోగొట్టుకున్నారో కూడా వాళ్లకు తెలియదనీ, తమదైన ఆనందంలో ఉంటారనీ చెప్పాడు. అంటే బిడ్డ సుఖంగానే ఉంటుంది. కానీ దేవుణ్ణి చూడదు. మోక్షానికి వెళ్లిన తల్లిని కూడా ఎప్పటికీ కలుసుకోదు.

అసలు విషయమేమిటంటే, లింబోను నమ్మి తీరాలని కతోలిక సంఘం ఏనాడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. అయినా కొన్ని వందల ఏళ్లు పిల్లల పాఠాల్లోనూ ప్రసంగాల్లోనూ అదే చెప్పారు. వినేవాళ్లకు అది సిద్ధాంతమా, ఎవరో పండితుడి అభిప్రాయమా అన్న తేడా తెలుస్తుందా!

పెదవుల మీద ఈక

ఆ భయం తల్లిదండ్రుల చేత ఎంత పని చేయించిందో చూడండి. స్విట్జర్లాండులో బెర్న్ ప్రాంతంలో ఓబర్‌బ్యూరెన్ అని మరియమాత పుణ్యక్షేత్రం ఉండేది. 15వ శతాబ్దం చివర్లో, చచ్చి పుట్టిన బిడ్డల్ని ఎక్కడెక్కడి నుంచో అక్కడికి మోసుకొచ్చేవారు. నిప్పులూ కొవ్వొత్తుల మధ్య ఆ చిన్ని శరీరాన్ని వెచ్చబెట్టి, పెదవుల మీద ఒక ఈక ఉంచేవారు. వేడికి ఈక కాస్త కదిలిందా, బిడ్డకు ఊపిరి వచ్చిందని చెప్పి వెంటనే జ్ఞానస్నానం ఇచ్చి, పవిత్రమైన నేలలో పాతిపెట్టేవారు. 1486లో కాన్‌స్టాన్స్ బిషప్పు ఇది మూఢాచారమని పోపుకు ఫిర్యాదు రాశాడు. మతసంస్కరణ వచ్చాక 1528లో ఆ గుడిని కూల్చేశారు. 1990లలో పురావస్తు శాఖ వాళ్లు అక్కడ తవ్వితే దాదాపు 250 మంది శిశువుల ఎముకలు బయటపడ్డాయి. ఫ్రాన్సులోనూ ఇలాంటి క్షేత్రాలు చాలానే ఉండేవి.

ఐర్లాండులో ఇంకో కథ. జ్ఞానస్నానం కాని బిడ్డలకు చర్చి స్మశానంలో చోటుండేది కాదు. పాడుబడ్డ కోటల పక్కన, సముద్రపు ఒడ్డున, పొలం గట్ల మీద విడిగా పాతిపెట్టేవారు. వీటిని 'కిల్లీనీ' అంటారు. దేశమంతటా వెయ్యికి పైగా ఉన్నాయి. తండ్రో, మేనమామో చీకటి పడ్డాక బిడ్డను తీసుకెళ్లి పూడ్చి వచ్చేవాడు. గుర్తుకు ఓ తెల్లరాయి పెట్టేవారు, అంతే. తల్లి పురిటి మంచం మీదే ఉండిపోయేది. చాలామందికి బిడ్డను ఎక్కడ పెట్టారో కూడా తెలిసేది కాదు. 20వ శతాబ్దం మధ్య దాకా ఇది సాగింది.

అత్తయ్య అడిగిన ప్రశ్న

ఐర్లాండు సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే అచ్చం అలాంటి కథే మా ఇంట్లో ఉంది.

1960లో మా అత్తయ్యకు పల్నాడులోని పల్లెలో, ఇంట్లోనే తొలికాన్పు అయింది. మగబిడ్డ. మూడు గంటలు బతికాడు. ఆ ఊరికి ఫాదర్ గారు నెలకోసారి వచ్చేవారు. కబురు పంపే వ్యవధి కూడా లేకపోయింది. జ్ఞానస్నానం కాలేదు కాబట్టి సమాధుల దొడ్లో పెట్టకూడదని ఎవరో పెద్దమనిషి అన్నారట. మామయ్యగారు, ఆయన తమ్ముడు కలిసి వాగు పక్కకు తీసుకెళ్లారు. అత్తయ్య ఆ చోటు చూడనేలేదు. తర్వాత నలుగురు పిల్లలు పుట్టారు, మనవలు వచ్చారు. ఆవిడ ఆ సంగతి ఎత్తడం నేను ఏనాడూ వినలేదు.

మొన్నామధ్య మామయ్యగారు పోయారు. నెల రోజుల పూజ అయిపోయి చుట్టాలంతా వెళ్లాక, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అత్తయ్య ఉన్నట్టుండి అడిగారు. "అమ్మాయ్, మీ మామయ్య అక్కడికెళ్లాక పెద్దోణ్ణి చూసుంటారంటావా? వాడు అక్కడ ఉండడేమో కదూ?"

ఎనభై దాటిన మనిషి! అరవై ఏళ్లకు పైగా ఆ ప్రశ్నను కడుపులో పెట్టుకుని ఉన్నారు.

లూథర్ రాసిన ఓదార్పు

జవాబు కోసం ముందు మా పుట్టింటి వైపు వెతికాను. మార్టిన్ లూథర్ 1542లో, గర్భస్రావమైన, చచ్చిన బిడ్డల్ని కన్న తల్లుల కోసమే ప్రత్యేకంగా ఒక చిన్న ఓదార్పు రచన చేశాడు. అంతకు రెండేళ్ల ముందు ఆయన భార్య కేథరీనాకు గర్భస్రావమై చావు దాకా వెళ్లి వచ్చింది. ఆ 1542లోనే పదమూడేళ్ల కూతురు మగ్దలేనా పోయింది. కడుపుకోత తెలిసిన ఇల్లు కదా, రాత కూడా అలాగే ఉంది. అందులో ఆయన చెప్పింది ఇది: తల్లిని తప్పు పట్టకండి. బిడ్డను దేవుడికి ఇవ్వాలని ఆమె పడిన ఆరాటం, మాటల్లో పెట్టలేని ఆమె నిట్టూర్పే దేవుడి దృష్టిలో ప్రార్థన. దాన్ని ఆయన తోసిపుచ్చడు.

ఒంగోలు వైపు బాప్టిస్టుల సంగతి వేరు. 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన చరిత్ర వాళ్లది. అయినా పసిబిడ్డలకు ఇవ్వనే ఇవ్వరు. ఎదిగి, తెలిసి, తానే కోరుకోవాలంటారు. ఊహ తెలియని బిడ్డ పోతే దేవుడి కృపలోనే ఉంటుందన్నది వాళ్లలో సాధారణంగా ఉన్న నమ్మకం.

దావీదు రాజు కథ ఏ శాఖ వారికైనా తెలిసిందే. పుట్టిన బిడ్డ జబ్బుపడితే ఉపవాసముండి ఏడ్చాడు. ఏడో రోజున బిడ్డ పోయాడు. అది పుట్టిన ఏడో రోజే అయితే, ఎనిమిదో రోజున జరగాల్సిన సున్నతి కూడా కాలేదన్నమాట. అప్పుడు దావీదు లేచి స్నానం చేసి, వాడు నా దగ్గరికి రాడు, నేనే వాడి దగ్గరికి వెళ్తాను అన్న అర్థంలో మాట్లాడాడు. ఈ ఒక్క మాటను పట్టుకుని ఊరట పొందిన తల్లులు ఎందరో!

2007లో వచ్చిన మాట

కానీ అత్తయ్యకు కావలసింది లూథర్ మాట కాదు. ఆవిడ సంఘం ఏమంటుందన్నదే ఆవిడకు ముఖ్యం. అది కూడా దొరికింది.

1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశ గ్రంథంలో లింబో ఊసే లేదు. జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డల్ని సంఘం దేవుడి కరుణకు అప్పగిస్తుందని, చిన్నపిల్లల్ని యేసు దగ్గరకు తీసుకున్న తీరును చూసి వాళ్ల రక్షణకు దారి ఉందని ఆశించవచ్చని ఉంది. తర్వాత కతోలిక సంఘపు అంతర్జాతీయ దైవశాస్త్ర మండలి దీనిమీదే ఒక అధ్యయనం చేసింది. పోపు 16వ బెనెడిక్ట్ అనుమతితో అది 2007 ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. ఈ బిడ్డలు మోక్షానందం పొందుతారని ఆశించడానికి గట్టి ఆధారాలున్నాయన్నది దాని సారాంశం. 'ఖాయంగా తెలుసు' అనలేదు, 'ఆశించవచ్చు' అన్నారు. జ్ఞానస్నానం అక్కర్లేదని కూడా అనలేదు. అత్తయ్యకు చెప్పినప్పుడు ఈ రెండు మాటలూ విడమరిచే చెప్పాను. ఓదార్పు కోసం లేని మాట కలపడం నాకిష్టం లేదు.

మరో సంగతి. 1983 నాటి కతోలిక చట్టం ప్రకారం, తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉండగా బిడ్డ పోతే, బిషప్పు అనుమతితో చర్చి తరఫునే అంత్యక్రియలు చేయవచ్చు. వాగు గట్లు వెతుక్కోవలసిన పని లేదు.

అంతా విని అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ నవంబరులో సమాధుల పండుగకు వెళ్లినప్పుడు ఫాదర్ గారితో తనే చెప్పారు. ఆయన వెంటనే, "బాబు పేరేమిటమ్మా?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. "పెట్టలేదు ఫాదర్. మనసులో మాత్రం యోసేపు అనుకున్నా" అన్నారు అత్తయ్య. మామయ్యగారి పేరు పక్కన యోసేపు పేరు కూడా చేర్చి పూజలో చదివారు.

మనం చేయగలిగింది

కాన్పు కష్టమై బిడ్డ దక్కదేమోనన్న భయమున్నప్పుడు ఫాదర్ గారి కోసం ఎదురుచూడనక్కర్లేదు. కతోలిక నియమం ప్రకారం అలాంటి అత్యవసరంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. తల మీద నీళ్లు పోస్తూ 'తండ్రి, కుమారుడు, పవిత్రాత్మల పేరిట నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను' అని చెబితే చాలు. సంఘం చేసే పనినే తానూ చేస్తున్నానన్న ఉద్దేశం ఉండాలి, అంతే. ఆడవాళ్లు ఇవ్వవచ్చు, క్రైస్తవులు కాని నర్సు కూడా ఇవ్వవచ్చు. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ చెప్పిన మాటే ఇది. ఒకప్పుడు యూరప్‌లో మంత్రసానులకు ఈ మాటలు నేర్పించేవారు. చనిపోయిన తర్వాత మాత్రం ఇవ్వరు. అప్పుడు పైన చెప్పిన ఆశే ఆధారం.

ఇక ఏ మతం వారైనా సరే, మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి తల్లి ఉంటే "మళ్లీ పుడతాడులే" అని మాట దాటేయకండి. బిడ్డను ఒకసారి ఆమె చేతికివ్వండి. ఎక్కడ పెట్టారో ఆమెకు చెప్పండి, ఒంట్లో ఓపిక వచ్చాక తీసుకెళ్లి చూపించండి. ఏం పేరు పెట్టాలనుకున్నావని అడగండి. పరలోకం సంగతి దేవుడు చూసుకుంటాడు. ఈ లోకంలో ఆ తల్లి ప్రశ్నను ఆమె ఒక్కదాని మీదే వదిలేయకుండా చూసుకోవలసింది మనమే.