గోడిగకు కవలలు: అరిష్టమా, ప్రకృతిధర్మమా?

కొంతకాలము క్రిందట మా బడిలో విరాటపర్వకథను చెప్పుచు, నకులుడు దామగ్రంథి యను పేర విరాటుని కొలువున అశ్వశిక్షకుడుగా నుండెననియు, అతడును సహదేవుడును అశ్వినీదేవతల వరమున మాద్రికి కవలలుగా బుట్టిరనియు వివరించుచుంటిని. ఆ అశ్వినులును కవలలే. సూర్యుని భార్యయగు సంజ్ఞ గోడిగ రూపమున నున్నప్పుడు వారు జన్మించిరని పురాణములు చెప్పుచున్నవి. అంతట నొక బాలిక లేచి, “సార్, నిజంగా గుఱ్ఱానికి కవలలు పుడతాయా? పుడితే బతుకుతాయా?” అని యడిగినది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. నేను తెలుగు బోధించువాడనే కాని పశువైద్యుడను కాను. అయినను ఆ ప్రశ్న నా బాల్యమున జరిగిన యొక సంగతిని జ్ఞప్తికి దెచ్చినది. దానిని విచారించి తెలిసికొన్న విషయములను మన వారి యెదుట నుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1990 ప్రాంతమున బంగారుపేట రైలు స్టేషను వెలుపల జట్కాలు నిలిచియుండెడివి. మా వీథిలో నొక జట్కావాని కొక గోడిగ కలదు. ఆ యింటి కన్నము పెట్టునది ఆ గోడిగయే. అది చూలు దాల్చి తొమ్మిది నెలలు నిండకమునుపే పొదుగు చేసి, పాలు బొట్లుబొట్లుగా కార్చుచుండెను. పాడి సమృద్ధిగా నున్నదని ఇంటివారు సంతసించిరి. కొలదివారములకే, నెలలు నిండకయే, అది రెండు పిల్లల నీనినది. ఒకటి వట్టిపోయి ముడుచుకొనిన మృతశిశువు. రెండవది ప్రాణముతో పుట్టెను గాని కాళ్లపై నిలువజాలక మఱునాటి సాయంకాలమునకు మరణించెను. వీథిలోని పెద్దలు కొందఱు, “కవలల నీనిన గుఱ్ఱము ఇంటనుండ రాదు, యజమానికి కీడు” అనిరి. భయపడిన యా జట్కావాడు వచ్చిన వెలకే దాని నమ్మివేసెను. వేఱొక గుఱ్ఱమును కొన శక్తి లేక జట్కాను కూడ విడిచి కూలికి బోయెను. ఆ గోడిగ చేసిన తప్పేమి?

పెద్దల మాట నిరాధారము కాదు. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందలి ఉత్పాతాధ్యాయమున, గోడిగ, ఒంటె, గేదె, ఆవు, ఏనుగు కవలలను కనుటను ఉత్పాతములలో జేర్చి, వానికి మరణము కలుగునని చెప్పినాడు. గర్గుడు చెప్పిన శాంతిగా, అట్టి పశువులను మందనుండి వేఱుచేసి పరుల భూమియందు విడిచిపెట్టవలెనని యందే కలదు. ఇందు రెండంశములను వేఱుచేసి చూడవలెను. గోడిగకు కవలలు పుట్టినచో మరణము వెన్నంటి వచ్చుననుట చాలవఱకు కన్నులార చూచి చెప్పిన మాటయే. కాని యా మరణమునకు కారణము గ్రహములందును లేదు, యజమాని జాతకమందును లేదు. గోడిగ గర్భాశయ నిర్మాణమునందే కలదు.

మేక, గొఱ్ఱె మొదలగు నెమరువేయు జంతువులలో మావి గర్భాశయమునకు అక్కడక్కడ గుబ్బలవంటి తావులందు మాత్రమే అతుకుకొనును. అందుచే రెండు పిల్లలు ఆ గుబ్బలను పంచుకొని సుఖముగా పెరుగును. గుఱ్ఱమునం దట్లు కాదు. దాని మావి మఖమలు గుడ్డవలె సన్నని కుచ్చులతో గర్భాశయపు లోపలితలము నంతటిని కప్పియుండును. సుమారు పదునొకండు మాసములు, అనగా 340 దినముల గర్భకాలమున, ఒక్క పిల్ల పరిపూర్ణముగా పెరుగుటకు ఆ తలమంతయు కావలెను. పిల్లలు రెండైనపుడు ఆ తలము రెండుగా చీలును. రెండు మావులు తాకుచోట కుచ్చు లుండవు. ఆ మేర ఆహారము చొరదు. తఱచుగా నొక పిల్ల మూడింట రెండువంతుల నాక్రమించును, రెండవది మిగిలినదానితో సరిపెట్టుకొనును. పిల్లలు పెద్దవగు కొలది ఆకలి హెచ్చును, చోటు హెచ్చదు. కాబట్టి చిన్నది ముందు మరణించును. అది పెద్దదానిని గూడ వెంట దీసికొనిపోవుట, అనగా గోడిగ ఈచుకపోవుట, సాధారణము.

గోడిగకు కవలలు చూలగుట అంత అరుదు కాదు. అవి బ్రతికి బయటపడుటయే అరుదు. ఒకే ఎదలో రెండు అండములు విడుదలయగుట కవలలకు ముఖ్యకారణము. పందెపు గుఱ్ఱముల జాతియందును, బరువులు లాగు పెద్ద గుఱ్ఱములందును ఇది హెచ్చు. మన జట్కాలకు గట్టు పొట్టి గుఱ్ఱములందు తక్కువ. తక్కువ గనుకనే యది కనబడినపుడు జనులు వెఱచిరి.

చూలైన కవలలలో ననేకము మనకు తెలియకయే యొకటిగా మాఱును. గుఱ్ఱపు భ్రూణము మొదటి పదునాఱు దినముల వఱకు గర్భాశయమునం దిటునటు తిరుగుచుండి, పిమ్మట నొక కొమ్ము మొదట నిలుకడ చెందును. రెండును ఒకే కొమ్మున ప్రక్కప్రక్కన నిలిచినచో, నలువది దినములలోపల నొకటి కరగిపోయి రెండవది మిగులుట తఱచు. చెఱియొక కొమ్మున నిలిచినచో రెండును పెరుగును. ఆపద చివరి మాసములకు వాయిదా పడును.

ఆ చివరి మాసముల ఫలిత మెట్టిదో 1973లో ఇంగ్లండున జెఫ్‌కాట్, విట్‌వెల్ అను పరిశోధకులు ప్రకటించిరి. వారు పరిశీలించిన కవలచూళ్లు 62. వానిలో 40 చూళ్లయందు రెండు పిల్లలును గర్భముననో పుట్టుకలోనో మరణించినవి. 13 చూళ్లయం దొక్కటి మాత్రము సజీవముగా పుట్టినది. రెండును ప్రాణముతో పుట్టిన చూళ్లు 9 మాత్రమే. ఇట్లు సజీవముగా పుట్టిన 31 పిల్లలలో రెండువారములు దాటి బ్రతికినవి 18. అనగా 124 పిల్లలకు 18. ఈ లెక్క చాలకాలము నిలిచిన చూళ్లకే గాని తొలిదినములలో కరగిపోయినవానికి గాదు.

పుట్టినవానికైన ముప్పు తప్పదు. మనుష్యశిశువునకు తల్లిగర్భముననే రోగనిరోధకశక్తి కొంత సంక్రమించును. గుఱ్ఱపుపిల్లకు మావిగుండ నది చేరదు, ముఱ్ఱుపాలలోనే రావలెను. ఆ పాలలోని రక్షకపదార్థములను పిల్ల ప్రేగులు గ్రహింపగల కాలము ఒక దినము మాత్రమే. అందును మొదటి పండ్రెండు గంటలు శ్రేష్ఠము. కడుపులో నొక పిల్ల మరణించినపుడు గోడిగ ముందుగనే పొదుగు చేసి పాలు కార్చుట గలదు. అట్లు కారిపోవునవి ఆ ముఱ్ఱుపాలే. మా వీథిలోని గోడిగ పాలు కార్చినపుడు ఇంటివారు సంతసించిరని చెప్పితిని గదా! అది పాడి కాదు, ఆపదకు సూచన. వారములకొలది ముఱ్ఱుపాలు నేలపాలయినవి. నెలలు నిండక పుట్టిన ఆ రెండవ పిల్ల లేచి తల్లిని జేరియున్నను దానికి రక్షణ మిగిలియుండదు. ఆనాడు పశువైద్యుని పిలిచి యుండిన పిల్ల బ్రతికియుండునని చెప్పజాలను. గోడిగ మాత్రము ఆ యింటనే నిలిచియుండును.

మఱియొక యపవాదమును గలదు. కవలచూలు పోయిన గోడిగ గొడ్డుపోయినదందురు. ముప్పదియైదు దినములు దాటిన చూలునందు గర్భాశయమున గిన్నెలవంటి కణసముదాయములు కొన్ని యేర్పడి యొక రసమును స్రవించును. చూలు పోయినను అవి మూడు నాలుగు మాసముల వఱకు నిలిచియుండుటచే గోడిగ సరిగా ఎదకు రాదు. అవి క్షీణించిన పిమ్మట మరల చూలగును. కావున ఓపిక పట్టవలసినదే గాని వెలివేయవలసినది కాదు.

ఇప్పుడు ఈ యాపదకు నివారణ కలదు. 1980లో ఫ్రాన్సు దేశమున పామర్, ద్రియాంకూర్ అనువారు గోడిగల చూలును అల్ట్రాసౌండ్ యంత్రముతో చూచు విధానమును వెల్లడించిరి. దానిచే పదునాలుగు మొదలు పదునాఱు దినములలోపల కవలలను గుర్తించి, వైద్యుడు చేతితో నొక భ్రూణమును నొక్కి తొలగించును. నిపుణుడు చేసినచో నూటికి తొంబదికి పైగా రెండవది నిలుచును. ఒకదానిని విడుచుట కఠినముగా తోచవచ్చును. కాని విడువనిచో రెండును పోవుటయే తఱచు. మేలుజాతి గుఱ్ఱములను పెంచు అశ్వశాలలందు ఈ పరీక్ష నేడు నిత్యకృత్యము.

ఆ సౌకర్యము లేని పేదవానికి చెప్పదగినవి కొన్ని కలవు. గోడిగను దాటించిన దినమును వ్రాసియుంచుకొనవలెను. నెలలు నిండకమున్ను పొదుగు చేసినను, పాలు కారినను, ఆలసింపక పశువైద్యునకు చూపవలెను. రెండు పిల్లలు పుట్టినచో బలహీనమైనదానికి మొదటి గంటలలోనే ముఱ్ఱుపాలను పిండి త్రాపవలెను. పిల్లలను వెచ్చగా నుంచి, తల్లిపాలు చాలనపుడు వైద్యుడు చెప్పిన పాలను పోయవలెను. ఇట్టి శ్రద్ధచే బ్రతికి పెద్దవైన కవలలు లోకమున లేకపోలేదు.

ఇప్పుడు బంగారుపేట స్టేషను వెలుపల ఆటోలు నిలుచుచున్నవి. మా వీథి జట్కావాని గోడిగ ఏ యూరు చేరినదో, ఎవ్వరి బండిని లాగినదో యెఱుగను. మఱునాడు తరగతికి బోయి ఆ బాలికతో, “పుడతాయమ్మా. బతికేవి చాలా తక్కువ. అందులో తల్లి తప్పు లేదు” అని చెప్పితిని. గోడిగకు పుట్టిన కవలలను దేవవైద్యులుగా పూజించిన మనము, కవలల నీనిన గోడిగను వెలివేయుట తగదు.