మాస్కోకు వెళ్ళిన గణితవేత్త

బత్తాయికి చుట్టిన రబ్బరు బాండును తెంచకుండానే, తోలుపై జరుపుతూ ఒక బిందువుగా కుదించవచ్చును. చిల్లుగారె రంధ్రంలోంచి చుట్టిన బాండుకు అది సాధ్యం కాదు. వలయాలన్నీ ఇట్లు కుదించుకొనిపోయే త్రిపరిమాణ సంవృతాకారం గోళమేనా అని 1904లో పాంకరే ప్రశ్నించినాడు. 5, అంతకు మించిన పరిమాణాలలో దీనికి సమానమైన ప్రశ్నకు అమెరికా ఆచార్యుడు స్టీఫెన్ స్మేల్ 1961లో నిరూపణ ప్రకటించినాడు. చోటు ఎక్కువైనచోటనే చిక్కు సులువుగా విడిపోవుట విచిత్రమే! 1966 ఆగస్టులో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఆయనకు ఫీల్డ్స్ పతకం లభించినది. 26వ తేదీన మాస్కో విశ్వవిద్యాలయపు మెట్లపై నిలిచి ఆయన వియత్నాంలో అమెరికా యుద్ధాన్నీ, 1956లో హంగరీపై సోవియట్ సైనిక చర్యనూ కలిపి ఖండించినాడు. ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వానికీ, స్వదేశ ప్రభుత్వానికీ కూడా అది రుచించలేదు. త్రిపరిమాణ సమస్యను మాత్రం 2002-03లో రష్యా గణితవేత్త గ్రిగోరీ పెరెల్మాన్ సాధించినాడు.